శ్రీరంగపట్నం సంది

మైసూరు సుల్తానుకు తెల్లదొరలు చేసిన అన్యాయం గురించి చాలా పుస్తకాలే వచ్చాయి. నేను చేసిన అన్యాయం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఆ లోటు ఇవాళ తీరుస్తాను. గుండె నిబ్బరం ఉన్నవాళ్లు చదవండి. చరిత్ర పాఠాలు చెప్పేవాళ్లు మాత్రం పక్కన మంచినీళ్లు పెట్టుకుని చదవండి.

ఎనభైల్లో మాట. మేం పుంగనూరులో ఉండేవాళ్లం. నేను పలక పట్టేనాటికే ముప్పై దాటాయి. వయోజన విద్య బడిలో అఆలు దిద్ది, దుకాణాల బోర్డులూ బస్సుల బోర్డులూ కూడబలుక్కుని, చివరికి పేపరు చదివేదాకా వచ్చాను. అంతటితో ఊరుకుని ఉంటే సుల్తాను క్షేమంగా ఉండేవాడు. పది పాసు కాకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చనే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. రాశాను. ఎలా పాసయ్యానో నాకూ తెలియదు, పేపరు దిద్దినవాళ్లకూ తెలిసి ఉండదు.

"డిగ్రీలో సేరినాను అత్తా" అన్నాను ఇంటికొచ్చి.

మా అత్త నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఎన్ని డిగ్రీలుండాది? ఒళ్లు సల్లంగానే ఉండాదే!"

మా ఆయన ఒక షరతు పెట్టాడు. "ఈ ఏడు పరీక్ష రాయి. రాయలేకపోతే పుస్తకాలు అటక మీద పెట్టి టమోటా తోట కాడికి రావాల. మళ్లా అడగగూడదు." సరేనన్నాను.

ఆదివారాలు మదనపల్లెలో క్లాసులు జరిగేవి. చరిత్ర చెప్పే మేడమ్ సూదిలా సన్నగా ఉండేది, మాట కూడా సూదే.

"చరిత్ర వ్యాసంలో 'నేను' అన్న మాట కనబడకూడదు. ఊహలు వద్దు, ఆధారాలు కావాలి. ముందు కారణాలు, తర్వాత ఫలితాలు. భాష గంభీరంగా ఉండాలి."

"గంభీరం అంటే ఎట్ల మేడమ్?"

"'అయింది' అనకూడదు. 'అయ్యెను' అనాలి."

"ఓహో, బుర్రకథ మాదిరి!"

ఆమె నా వైపు చూసిన చూపుకు నా పలక రోజులు గుర్తొచ్చాయి. తర్వాత అసలు పిడుగు వేసింది. నెలాఖరున కుప్పంలో, కాలేజీ పిల్లల ముందు, మేమంతా మా వ్యాసాలు చదవాలట. సరిగా రాయనివాళ్లను ఈ ఏడు పరీక్షకు పంపదట. తలా ఒక అంశం చెప్పుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"మీకు శ్రీరంగపట్నం సంధి. కారణాలు, ఫలితాలు."

ఆమె సరిగ్గానే పలికింది. తప్పంతా నా చెవిది. మా వైపు సందును సంది అంటాం. మా ఇల్లే ఒక సందిలో ఉండేది. పైగా ఒత్తులంటే నాకు నగల లెక్క. ఉన్నవాళ్లు పెట్టుకుంటారు, లేనివాళ్లు మానుకుంటారు, మనిషి మాత్రం మనిషే అనుకునేదాన్ని. 'శ్రీరంగపట్నం సంది' అని రాసుకుని ఇంటికొచ్చాను.

పాఠ్యపుస్తకం ఇంకా పోస్టులో రాలేదు. నా దగ్గర ఉన్నదల్లా క్లాసులో విన్న నాలుగు ముక్కలు. సుల్తానుకూ తెల్లదొరలకూ యుద్ధం జరిగింది. శ్రీరంగపట్నం 'సంది'లో సుల్తాను సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. ఇద్దరు కొడుకులను దొరల దగ్గరికి పంపాడు. ఒక్క సందిలో సగం రాజ్యం పోయిందంటే అదెంత ఇరుకుదై ఉండాలి! నాకు అన్నం సయించలేదు. ఊహలు వద్దంది కదా మేడమ్, మరి ఆధారం ఎక్కడ తెచ్చేది?

మైసూరు నుంచి ఊదుబత్తులు తెచ్చి అమ్మే మస్తానన్న గుర్తొచ్చాడు. పరుగెత్తాను.

"అన్నా, శ్రీరంగపట్నంలో సంది సూసినావా?"

"ఏ సంది అక్కా? ఆడ సందులకేం కొదవ!"

"సుల్తాను సంది."

"అరే, కోట పక్కన ఒకటుండాది. చానా ఇరుకు. బర్రె ఎదురొస్తే మనమే ఎనక్కి రావాల."

"ఏనుగు పడతాదా?"

"ఏనుగా! తలకాయ దూరుతాది, తక్కిందంతా బయటే! యాల అక్కా, ఏనుగును కొంటాండావా?"

కారణం దొరికింది. ఇంటికొచ్చి గంభీరంగా రాశాను:

"ఆ సంది మిక్కిలి ఇరుకుగా ఉండెను. అందు ఏనుగు పట్టదని ఊదుబత్తుల వర్తకుని వలన తెలియుచున్నది. సుల్తాను ఏనుగు ఇరుక్కొనెను. సంది చివర తెల్లదొరలు కాచుకొని ఉండిరి. దారి చూచి వచ్చుటకై సుల్తాను ఇద్దరు కొడుకులను ముందు పంపెను. వారు తిరిగి రాకపోవుటచే సగము రాజ్యమిచ్చి బయటపడెను. ఫలితములు: అటు తర్వాత రాజులు వెడల్పాటి వీధులు వేయుట నేర్చుకొనిరి."

మా ఆయన విని తల గోక్కున్నాడు. "అంత ఇరుకు సందిలోకి ఏనుగునెక్కి యాల పోయినాడు ఆయప్ప?"

మంచి ప్రశ్న. చివరికి 'తొందరపాటు వలన' అని ఒక వాక్యం ఇరికించాను.

కుప్పం బస్సులో పలమనేరు దాటినప్పటి నుంచి నా అరచేతుల చెమటకు కాగితాలు మెత్తబడ్డాయి. హాలు నిండా నా కూతురి వయసు పిల్లలు. నా పిలుపు వచ్చింది. లేచాను. కాగితాలు విప్పి మొదలుపెట్టాను.

మొదటి వాక్యానికి ఎవరో దగ్గారు. ఏనుగు ఇరుక్కునేసరికి ముందు వరస కిందికి వంగిపోయింది. వెడల్పాటి వీధుల దగ్గర హాలంతా బల్లలు చరిచింది. నేను మెచ్చుకుంటున్నారనుకుని గొంతు పెంచాను!

"ఆగండమ్మా" అంది మేడమ్. ఆమె ఒక్కతే నవ్వలేదు. "ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారు?"

"సుల్తాను మేడమ్, సందిలో. మీరే కదా ఇచ్చినారు?"

"సంధి అంటే ఒప్పందమమ్మా! రాజీ!"

"రాజీనా? అయితే ఏనుగు?"

"ఏనుగు లేదు."

"తలకాయ దూరుతాదని మస్తానన్న అన్నాడే!"

"మస్తాన్ ఎవరు?"

"ఆధారం మేడమ్."

అప్పుడు మేడమ్ కళ్లద్దాలు తీసి, వాటిని తుడిచే వంకతో చాలాసేపు తల దించుకుంది. నా కళ్ల ముందు మాత్రం టమోటా తోట చాళ్లు చాళ్లుగా కనిపిస్తోంది.

"మేడమ్, ఒక్క అవకాశం ఇప్పించండి. ఈ ఏడు తప్పితే నాకు మళ్లా ఏడు లేదు."

ఆమె గొంతు కాస్త మెత్తబడింది. ఒక విద్యార్థి పుస్తకం తెప్పించి నా చేతికిచ్చింది. "అందరూ భోజనాలు చేసి వచ్చేలోపు తిరిగి రాయండి. ఒత్తులు జాగ్రత్త. బాగుంటే దాని మీదే అనుమతి రాసి సంతకం పెడతాను."

పెరుగన్నం మూట విప్పలేదు. రాశాను. విషయమంతా పుస్తకంలోంచే తీసుకున్నాను, ఆ భయం తీరింది. కానీ ఒత్తుల భయం పట్టుకుంది. ఒక్క ఒత్తు లేకపోతేనే ఇంత అయింది కదా, ఎక్కువైతే నష్టమేముంది? అనుమానం వచ్చిన ప్రతి అక్షరానికీ ఒకటి తగిలించాను.

మేడమ్ చదివింది. "'ఒఫ్ఫంధము ఝరిఘెను. సుల్థాను సఘము ధేశమును ఖోల్ఫోయెను.' అమ్మా, పొద్దున తగ్గిన ఒత్తుకు ఇప్పుడు వడ్డీ కట్టారా?"

"తప్పా మేడమ్?"

"విషయం సరిగ్గా ఉంది. అది చాలు." కాగితం అంచున 'పరీక్షకు అనుమతించడమైనది' అని రాసింది. నా ఊపిరి సగం బయటికొచ్చింది. సంతకం పెట్టబోయిన పెన్ను, కింద నా సంతకం దగ్గర ఆగిపోయింది. మిగతా సగం ఊపిరి లోపలే ఉండిపోయింది.

"ఇదేమిటి?"

"నా పేరు మేడమ్."

"నేను పరీక్షకు రమ్మంటున్నాను. కింద మీరు 'రాదమ్మ' అంటున్నారు. ఇంతకీ వస్తారా, రారా?"

కాగితమంతా ఒత్తులు చల్లినదాన్ని, నా పేరు నాకు తెలియదా అని అక్కడొక్కచోట వదిలేశాను. రాధమ్మనైన నేను, అక్షరం నేర్చిన నాటి నుంచి ప్రతి కాగితం మీదా రానని రాసిస్తూ వచ్చాను!

మేడమ్ పెన్ను నా చేతికిచ్చింది. కాగితం చిరిగేలా ఒత్తు పెట్టాను. అప్పుడు ఆమె సంతకం చేసి, ఇక ఆపుకోలేక, హాలంతా నవ్వినదానికంటే గట్టిగా నవ్వింది.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు ఏ పరీక్షకు పిలిచినా, ఒత్తుతో సహా హాజరవుతాను.