పాట ఎత్తుకున్నామె

ఎనభైల చివర్లో ఆర్మూర్‌లో మాదొక పాటల బృందం ఉండేది. మనుషులం ముగ్గురమే. హార్మోనియం నేను, డప్పు మా దోస్తు, పాట ఆలూర్ నుంచి పసుపు పనికి వచ్చే ఒకామె. ఎవరైనా సినిమా పాట అడిగితే నాకు ఒళ్లు మండేది. మా పాటలు మావే. మావే అంటున్నాను చూడండి, ఇప్పటికీ బుద్ధి రాలేదు! అన్నీ ఆమెవి. పసుపు తవ్వుతూ, కొమ్ములు విరుస్తూ పాడుకునే వాటికి నేను హార్మోనియం తగిలించాను, అంతే.

పొలంలో ఒక పద్ధతి ఉంది. ఒకామె పాట ఎత్తుకుంటుంది, వరసలో ఉన్నవాళ్లు అందుకుంటారు. ఎత్తుకున్నామెదే పాట. అందుకున్నవాళ్లు ఎంత తియ్యగా పాడినా వెనకవాళ్లే. ఇందులో తగాదా ఉండదు.

అంకాపూర్ పెళ్లిళ్లలో, ముప్కాల్ బోనాల్లో, మార్కెట్ యార్డులో పాడాం. పసుపు దుమ్ముకు ఆమె గొంతు జీరబోయి ఉండేది. ఆ జీర కోసమే జనం ఆగేవాళ్లు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కాసెట్ల ఆయన విని, రికార్డింగ్‌కు రమ్మన్నాడు. బస్సులో దారి పొడుగునా ఆమెది ఒకటే మాట. "మా వాడకట్టోళ్లు నమ్ముతలేరన్నా. నా గొంతు పెట్టెల వినవడ్డంక చూడాలె ఒక్కొక్కదాని మొఖం!"

స్టూడియోలో ఆయన రెండు చరణాలు విని నన్ను పక్కకు పిలిచాడు. "గొంతు గరగరమంటోంది. వేరే అమ్మాయి పాడుతుంది, ఈమెతో పాట నేర్పించు. కాసెట్ అట్ట మీద నీ పేరు వేస్తా" అన్నాడు. ఎదురు చెప్పాలి కదా? చెప్పలేదు. మా దోస్తు డప్పు తడుముతూ తల దించుకున్నాడు.

ఆమెను ఆ అమ్మాయి ఎదురుగా కూచోబెట్టాను. ఆమె ఒక్కో చరణం ఎత్తుకుంది, అమ్మాయి అందుకుంది. మధ్యలో మైకు. అచ్చం పొలంలో లాగే. దాంతో మిషను తన పాటనే పట్టుకుంటోందనుకుంది పిచ్చిది. అసలు రికార్డింగ్ మొదలయ్యే ముందు ఆమెను చాయ్ తాగమని బయటికి పంపాను.

"అయిపాయెనా అన్నా? మంచిగొచ్చిందా?"

"మస్తుగొచ్చింది."

తిరుగు బస్సులో ఆమె సంబరం చూస్తూ కూడా నిజం చెప్పలేదు. ఛీ, నా బతుకు!

నెల తిరిగేసరికి కాసెట్ వచ్చింది. ఆమె కబురు పెడితే ఆలూర్ పోయాను. పసుపు ఆరబోసిన కల్లం పక్కన వాడకట్టు ఆడవాళ్లందరినీ కూచోబెట్టి, ఊరి పటేల్ దగ్గర టేప్‌రికార్డర్ అడిగి తెప్పించింది. వెంట పటేల్ కూడా వచ్చాడు. పాట మొదలైంది.

"గిది నువ్వు గాదు గదనే?"

"గామె అందుకునే పిల్ల. ఆగుండ్రి, నాదొస్తది."

ఒక పక్క అయిపోయింది. తనే తిప్పి పెట్టింది. "గీ పక్కన ఉంటది" అంది. ఆ పక్కా అయిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "గొప్పలు కోస్తివి, ఏదే నీ గొంతు?"

ఆమె నా వైపు తిరిగింది. జరిగింది అర్థమైపోయింది. అయినా తిట్టలేదు.

"అన్నా, గొంతు పోతే పోనియ్. పాట ఎత్తుకున్నది నేనే అని జర చెప్పు. గంతే చాలు."

ఒక్క మాట. కానీ పటేల్ అట్ట మీద నా పేరు చదివి అప్పుడే నా భుజం తట్టాడు. ఆ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది.

"లేదు, గీమె అందుకునేటామె" అన్నాను.

ఆమె కాసెట్ తీసి నా చేతిలో పెట్టి, పసుపు తిరగబోయడానికి పోయింది. మర్నాడు కొమ్ములు విరిచే వరసలో ఆమె ఎప్పటిలాగే పాట ఎత్తుకుందట. ఒక్కతె కూడా అందుకోలేదట.