పొడుగు పేరుకు మొదటి రకం

ఆదోనిలో మా పత్తి మిల్లులో మద్దయ్య పని పత్తి కుక్కిన గోనె బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, తడి చూసి, రకం చెప్పడం. అందరి ఎదుటా గట్టిగా చెప్పేవాడు. రైతులు తిట్టుకునేవాళ్లు, అయినా ఆయన మాట నమ్మేవాళ్లు.

1988లో మిల్లు యజమాని వెంకటకృష్ణయ్య శెట్టి కంప్యూటరు తెచ్చాడు. మద్దయ్య ముందు రకం కొట్టాలి, తర్వాత రైతు పేరు కొట్టాలి. చీటీ వస్తే సంతకం పెట్టాలి. చీటీలో ఉన్న రకానికే ధర.

దళారి రామకృష్ణయ్య ఒకరోజు తడి పత్తి తెచ్చాడు.

"కైరుప్పల పెద్ద మాదన్న కొడుకు నడిపి ఉచ్చీరప్ప. అంతా కొట్టప్పా, ఆ ఊర్లో ఉచ్చీరప్పలు బండెడు మంది."

"వాళ్ల తాతను గూడా సెప్పు, ఆయప్పనెందుకు ఇడిసిపెట్టేది?" అంటూ మద్దయ్య కొట్టాడు.

ఆయన కొట్టింది మూడో రకం. చీటీలో వచ్చింది మొదటి రకం. ఆనాటి నుంచి రామకృష్ణయ్య తెచ్చిన ప్రతి బండికీ పేరు పొడుగే.

ప్రోగ్రాము రాసినవాణ్ణి బెంగళూరు నుంచి పిలిపించారు. యంత్రం లోపల పేరుకు ఒక గది, దాని పక్కనే రకానికి ఒక గది ఉన్నాయట. పేరు పట్టకపోతే మిగిలిన అక్షరాలు పక్క గదిలో పడి రకాన్ని చెరిపేస్తాయట. రకం తెలియకపోతే యంత్రం మొదటిదే అచ్చు వేస్తుందట. మా గేటు దగ్గర కుక్కనైనా ఆపుతాం. ఈ బెంగళూరువాడు బయటివాడి నోట్లోంచి ఏది వస్తే అది, ఎంతుందో చూడకుండా లోపలికి పోనిచ్చాడు. "పేర్లు పొట్టిగా కొట్టండి" అని చెప్పి, ఉగ్గాని బజ్జీ తిని బస్సెక్కాడు.

మద్దయ్య శెట్టిని పిలిచి, ఊడ్చి పారేసే దూదికి తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కలిపి కొట్టాడు. మొదటి రకం.

"సూసినావా శెట్టీ? దీని కింద నా సంతకం ఉంటాది. సరి చేయించు."

శెట్టి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బయట ఎవరికన్నా సెప్పినావా?"

"లేదు."

"సెప్పొద్దు. బొంబాయికి పోయే మన పత్తి బేళ్లకు గూడా ఇట్లే కొట్టు."

"నేను కొట్టను."

"గేటు బయట కొట్టేటోళ్లు శానామంది ఉండారు లే."

మద్దయ్య కొట్టాడు.

వానాకాలంలో బేళ్లు బొంబాయి నుంచి తిరిగొచ్చాయి. విప్పితే బూజు కంపు. శెట్టి అందరి ముందూ చీటీలు మద్దయ్య మొహాన విసిరాడు. "ఈ సంతకం ఎవుర్దిరా?"

మద్దయ్య ఇప్పుడు ఎమ్మిగనూరులో ఇంకో మిల్లులో బోరేలు మోస్తున్నాడు. మొన్న అలవాటుకొద్దీ ఒక బోరెంలో చెయ్యి పెట్టి, "తడుంది, మూడో రకం" అన్నాడట.

ఆ రైతు నవ్వాడట. "ఆదోని మద్దయ్యవు నువ్వేనా? ఊరికే ఎందుకన్నా, నా పేరు పొడుగ్గా కొట్టుపో."