రేడియేటర్‌లో పసుపు

బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా లేస్తోంది. లోపల ఇంజన్ వేడి చూపించే ముల్లు మాత్రం తనకేమీ తెలియనట్టు సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది. సిర్గాపూర్ రోడ్డు మీద, మండుటెండలో బండిని పక్కకు తీసిన నెహెమ్యా ఆ ముల్లును చూసి తల గోక్కున్నాడు.

"ఏందయ్యా, అంటుకుందా బండి?" అని వెనక సీట్లోంచి లక్ష్మవ్వ అడిగింది. మోకాళ్ల నొప్పులకు ఆమెను దవాఖానకు తీసుకుపోతున్నాడు.

"అంటుకోలేదవ్వా, నీళ్లయిపోయినయ్. జర దిగి నీడల కూసో."

ఆ పొద్దున్నే రేడియేటర్ గొంతుదాకా నింపాడు. ఆ నీళ్లన్నీ ఎటు పోయినట్టు? లక్ష్మవ్వను అటుగా వచ్చిన ఆటో ఎక్కించి, ఇంజన్ చల్లారేదాకా రోడ్డు పక్కన గొంతుక్కూచున్నాడు. నీళ్లు లేక ముల్లుకు వేడి అందలేదేమో, అందుకే కదల్లేదేమో అనుకున్నాడు. అలా కూడా జరుగుతుందని మత్తయి ఎప్పుడో చెప్పాడు మరి.

నెహెమ్యాకు తెలిసిన ప్రతిదీ మత్తయి చెప్పిందే. నారాయణఖేడ్ బస్టాండు ముందు కిరాయి బండ్ల వాళ్లలో మత్తయే పెద్ద తలకాయ. తండ్రి లేని నెహెమ్యాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే, పప్పు మిల్లులో డ్రైవరుగా పెట్టించింది ఆయనే, పెళ్లినాడు తండ్రి కూర్చోవలసిన కుర్చీలో కూర్చుందీ ఆయనే. పొద్దున లేచి ముఖం కడగకపోయినా పర్వాలేదు, రేడియేటర్ మూత తీసి చూడకుండా తాళం తిప్పొద్దని ఆయన చెబితే, నెహెమ్యా దాన్ని దేవుని ఆజ్ఞలా పాటించాడు. పెద్నాయన అని పిలిచేవాడు, నోటితోనే కాదు, మనసుతో కూడా.

కిందటి క్రిస్మస్ ముందు చూపు మందగించి మత్తయి బండి నడపడం మానుకున్నాడు, దాన్ని అమ్మకానికి పెట్టాడు. "ఎంతమంది అడుగుతున్నరో తెల్సా బిడ్డా? ఎవ్వనికీ ఇయ్య. నీకే ఇస్త" అన్నాడు. ఆ మాటకు నెహెమ్యా ఛాతీ ఉబ్బిపోయింది. స్టాండులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. భార్య క్రిస్టీనా ఒక్కతే, "తీసుకునే ముంగట మల్లేష్ మిస్త్రీకి ఒక్కసారి చూపియ్యరాదు?" అంది.

"పెద్నాయన బండికి మిస్త్రీని పిలుస్తమా? ఆయన మొకం మీద ఉమ్మినట్టుంటది!" అని గయ్యిమన్నాడు.

మన దగ్గర ఇదొక జబ్బు. అంగట్లో వంకాయను నాలుగు వైపులా తిప్పి చూస్తాం, పుచ్చు ఉందేమోనని గిల్లి కూడా చూస్తాం. పెద్దమనిషి చేతి నుంచి తీసుకునేదాన్ని మాత్రం తేరిపార చూస్తే పాపం! మంచు కురిసే పొద్దున మత్తయి తాళాలు ఇచ్చాడు, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆయన భార్య రిబ్కమ్మ అందరికీ కేకు పంచింది. నెహెమ్యా కూడబెట్టిన పైసలన్నీ ఆయన చేతిలో పెట్టి, మిల్లు నౌకరీ వదిలేసి సొంత బండి ఓనరయ్యాడు.

చలికాలమంతా బండి ఏ పేచీ పెట్టలేదు. చలిలో ఏ బండీ పెట్టదు. ఎండలు ముదిరాక నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

సిర్గాపూర్ రోడ్డు మీద పరువు పోయాక నెహెమ్యా పంతం పట్టాడు. రాత్రి బండి కింద అట్టలు పరిచి పొద్దున తీసి చూశాడు. చుక్క తడి లేదు. కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి తడిమాడు, పొడిగా ఉన్నాయి. పైపులన్నీ వేలితో నొక్కుకుంటూ పోయాడు, మూత కొత్తది మార్చాడు. ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది. నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. బయటికి కారకపోతే లోపలికే పోతుండాలి. ఇదీ మత్తయి నేర్పిన లెక్కే. చివరికి ఒక పొద్దున, చల్లటి ఇంజన్ మీద మూత తీసిపెట్టి స్టార్ట్ చేశాడు. రేడియేటర్ గొంతులో అన్నం ఉడికినట్టు బుడగలు లేచాయి. వెనక సైలెన్సర్లోంచి తెల్లటి పొగ, అందులో, నీళ్లలో కలిపే కూలెంటు తియ్యటి వాసన.

నెహెమ్యా మూత బిగించాడు. వెంటనే బండిని మల్లేష్ షెడ్డుకు పట్టుకుపోయాడు.

"హెడ్ గాస్కెటు పోయిందన్నా" అన్నాడు మల్లేష్, పొగ చూడగానే. ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే పలుచటి రేకు అది. అది కాలితే నీళ్లు మంటలోకి జారి ఆవిరై పోతాయి. అది ఎందుకు కాలిందో చూద్దామని మల్లేష్ రేడియేటర్ కింది పైపు ఊడదీశాడు. నీళ్లతోపాటు పచ్చటి బురద జారి పడింది. వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"పసుపు. రేడియేటర్ కారుతుంటె పిడికెడు పోస్తరు, చిల్లు మూసుకుంటది. కానీ ఇల్లు చేరినంక కడిగి, మంచిగ అతికిచ్చుకోవాలె. వీళ్లు మస్తు సార్లు పోసిండ్రు. లోపలి సన్న గొట్టాలన్ని పూడుకపోయి, ఇంజన్ ఉడికి ఉడికి గాస్కెటు పోయింది."

"పెద్నాయనకు కండ్లు కనబడయి. కడగాలన్నది మర్చిపోయిండేమో."

"మర్చిపోవచ్చు. మరి గింత ఉడికితె ముల్లు ఎందుకు లేస్తలేదు?"

మల్లేష్ ముల్లు ఉన్న పలకను ఊడదీసి ముందుకు లాగాడు. ఇంజన్ నుంచి వచ్చే వైరు కోసి ఉంది. దాని జాగాలో చిన్న పూసలాంటి ముక్క ఒకటి కలిపారు. అది ఉంటే ఇంజన్ మంచుగడ్డలా ఉన్నా, నిప్పుకణికలా ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. అతుకు మీద తెల్లటి దవాఖాన ప్లాస్టరు చుట్టి ఉంది. రిబ్కమ్మ దవాఖానలో ఆయాగా చేసిన రోజుల నుంచీ మత్తయి వైర్లకు ఆ ప్లాస్టరే చుడతాడు. ఖేడ్ మొత్తంలో ఆ పని చేసేవాడు ఆయనొక్కడే.

నెహెమ్యా ఆ ప్లాస్టరు మీద వేలు పెట్టి చూశాడు. పసుపు మరుపే కావచ్చు. ముల్లును మధ్యలో కట్టేయడం మరుపు కాదు. తీరిగ్గా కూర్చుని చేసిన పని. అది చేసిన చేతులనే బానెట్ మీద పెట్టి, దేవుణ్ని పిలిచి, ఆమెన్ అనిపించాడు. బండి పోతే పోయింది, మిల్లు ముందు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడితే ఏదో నౌకరీ ఇస్తారు. పెద్నాయనకు తాను ఏమవుతాడన్నది తేలాలి. బండిని షెడ్డులోనే వదిలేసి నడుచుకుంటూ మత్తయి ఇంటికి బయలుదేరాడు. దారి పొడవునా, సిగ్గు లేకుండా, ముసలాయన తరఫున సాకులు వెతికాడు. ఇంకెవరికో అమ్మాలని చేసి ఉంటాడు, తనకిచ్చేటప్పుడు చెప్పడం మరిచి ఉంటాడు. ఆ ఒక్క మాట చెబితే చాలు, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

మత్తయి వాకిట్లో మంచం మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్నాయనా, ముల్లు వైరు నువ్వే కోసినవా?"

"ఎవరూ, నెహెమ్యానా? కూసో. చాయ్ తాగుతవా?"

"వైరు నువ్వే కోసినవా అంటున్న."

"నేనే కోసిన" అన్నాడు ముసలాయన. గొంతులో తడబాటు లేదు. "నీకు పని నేర్పినోన్ని, నువ్వు ఎప్పటికన్న కనిపెడతవని తెల్వదా నాకు?"

"తెల్సి నాకే ఎందుకిచ్చినవ్? అంతమంది అడిగిండ్రంటివి గద!"

మత్తయి అద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "బయటోనికిస్తె తెల్లారే వచ్చి కాలర్ పట్టుకుంటుండె. నువ్వు పట్టుకోవు. నువ్వు అసలు అడుగనే అడుగవనుకున్న బిడ్డా."

నెహెమ్యాకు ఒళ్లంతా మండిపోయింది. పట్టుకోవాలనే ఉంది. పట్టుకుని, ఆ ముసలి ప్రాణాన్ని మంచం మీంచి లేపి వాడకట్టంతా వినేలా అడగాలనే ఉంది. ఎంతసేపు నిలబడ్డా చెయ్యి లేవలేదు.

"వస్త పెద్నాయనా" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ వాకిట్లోంచి బయలుదేరేటప్పుడు అనే మాట దానంతటదే నోట్లోంచి వచ్చింది. గేటు దాటాక ఆ మాట అన్నందుకు తనను తాను తిట్టుకున్నాడు. బస్టాండు దాకా తిట్టుకుంటూనే నడిచాడు.