రోలాండ్‌కి సరిపోయిన కిడ్నీ

2009 అక్టోబరులో ఒక సాయంత్రం షాపు నుంచి ఇంటికొచ్చి బూట్లు విప్పబోతే ఊడిరాలేదు. పాదాలు అంతగా ఉబ్బాయి. కొన్నాళ్లుగా నడుము పక్కన నొప్పి ఉంటే, బియ్యం బస్తాలు జరిపినందుకనుకున్నాను. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక ఇండియన్ గ్రోసరీలో లెక్కలు చూస్తాను. పెద్ద చదువు లేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే.

రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 7.1 వచ్చింది. ఒకటికి అటూ ఇటూ ఉండాలట. అల్ట్రాసౌండ్ చూసి డాక్టర్ అన్నాడు: "రెండు కిడ్నీల నిండా సిస్ట్‌లే, నీటి బుడగలు. ఇది జెనెటిక్. మీ రక్తసంబంధీకుల్లో డోనర్ దొరకడం కష్టం."

నా భార్య సరళ తన కిడ్నీ ఇస్తానంది. నా బ్లడ్ గ్రూప్ ఎ, ఆమెది బి. కుదరలేదు.

వారానికి మూడు రోజులు డయాలసిస్ మొదలైంది. నా పక్క కుర్చీ రోలాండ్‌ది. ఆయన కాళ్లు కుర్చీ దాటి నడవలోకి వచ్చేవి, నర్సులు వాటిని దాటుకుంటూ పోయేవారు. యూరప్‌లో, ఫిలిప్పీన్స్‌లో పదకొండేళ్లు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడాడు. ఒక సీజన్‌లో మ్యాచ్‌కి సగటున ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాడు. నేను పాత రికార్డులు వెతికి చూశాను. బంతి చేతికొచ్చాక ఇంకొకరికి ఇచ్చింది చాలా తక్కువ. అదే అడిగితే నవ్వాడు.

"నన్ను అంత దూరం పిలిచింది పాయింట్ల కోసం కదా, పాసుల కోసమా?"

మోకాళ్ల నొప్పికి మాత్రలు మింగుతూ ఆడాడు. "మోకాళ్లు నిలబడ్డాయి, కిడ్నీలు పోయాయి," అనేవాడు.

రోలాండ్‌ది బి గ్రూప్, ఆయనకి కిడ్నీ ఇస్తానన్న తమ్ముడు గ్లెన్‌ది ఎ. అది తెలిసిన రోజు మెషీన్ మీద ఉండగానే నాకు తట్టింది: సరళ కిడ్నీ రోలాండ్‌కి, గ్లెన్ కిడ్నీ నాకు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ విని, "పెయిర్డ్ ఎక్స్‌చేంజ్ అంటారు, చేయొచ్చు," అంది. ఒకరి కిడ్నీ ఇంకొకరి రక్తానికి పడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ రెండు వైపులా కుదిరింది.

"నీ కిడ్నీ నా ఒంట్లోకొచ్చి పచ్చిమిరపకాయలు అడుగుతుందేమో!" అన్నాడు రోలాండ్ సరళతో.

"అడిగితే పెట్టు బ్రదర్. మాట వినకపోతే నాకు ఫోన్ చెయ్యి," అంది.

చివరి పరీక్షల్లో గ్లెన్‌కి షుగర్ బయటపడింది. ఆయన్ని డోనర్‌గా తీసుకోలేమన్నారు.

కానీ సరళ కిడ్నీ రోలాండ్‌కి సరిపోతూనే ఉంది. చివరికి ఒకరోజు కార్‌లో సరళే అడిగింది.

"ఇచ్చేయమంటారా?"

"ఇచ్చేస్తే, రేపు ఇంకో జంట దొరికినా వాళ్లకివ్వడానికి మన దగ్గర ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

సిగ్నల్ పచ్చగా మారితే కారు ముందుకి పోనిచ్చాను. తర్వాతి డయాలసిస్ రోజు రోలాండే ఆ మాట ఎత్తాడు. "ఆమె కిడ్నీ అట్టిపెట్టుకోండి. నీకింకా టైం ఉంది. నేను జన్మలో ఎవరికీ బంతి ఇవ్వలేదు, ఇప్పుడు ఇమ్మని ఏ మొహంతో అడగను?"

థాంక్స్ అన్నాను.

2012 శీతాకాలంలో రోలాండ్ డయాలసిస్ గొట్టానికి ఇన్ఫెక్షన్ సోకి రక్తంలోకి పాకింది. ఐసీయూలో పోయాడు.

మాకు ఇంకో జంట దొరకడానికి మరో రెండేళ్లు పట్టింది. సరళకి పరీక్షలన్నీ మళ్లీ చేశారు. బీపీ ఎక్కువ, యూరిన్‌లో ప్రొటీన్ ఉంది. "ఇక ఆమె కిడ్నీలు ఆమెకే కావాలి," అన్నాడు డాక్టర్. రోలాండ్‌కి అప్పుడే ఇచ్చి ఉంటే ఏమయ్యేదని సరళ అడగదు. నేనూ ఆ లెక్క కట్టను. ఎటు కట్టినా ఒకరు తగ్గుతారు.

ఇప్పుడు 2015. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా రెండుసార్లు మూసుకుపోయింది. డయాలసిస్‌తో నీరసించిన గుండె ఇంకా బలహీనపడితే, చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం పేరున్న వెయిటింగ్ లిస్ట్‌లోంచి కూడా తీసేస్తామని చెప్పారు. షాపుకి సగం పూటే వెళ్తున్నాను.

చదివేవాళ్లకి ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తానని ముందుకొస్తే, ఆరు నెలలకోసారి వాళ్ల బీపీ, షుగర్, యూరిన్ ప్రొటీన్ కూడా చూపించండి. నాకెంత టైం ఉందో నేను లెక్కవేసుకుంటూనే ఉన్నాను. సరళ కిడ్నీకి కూడా టైం నడుస్తుందని అనుకోలేదు.