శాలువా చాటు

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చిన నాలుగేళ్లకు నేను విమానం ఎక్కాను. అంతవరకు చేనులో కలుపు తీస్తూ తలెత్తి చూడడమే. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ, నేపాల్ కొండల్లో నడవడానికి పోతూ నన్నూ తోడు తీసుకుపోయింది.

రెండు రోజులు అందరికన్నా ముందు నేనే నడిచాను.

"ఏందక్కా, కందుకూరు సంతకు పోతున్నట్టు ఉరుకుతున్నవ్! జర ఆగు" అని టీచరమ్మ వెనకనుంచి కేకలు.

మూడోరోజు చెట్లు అయిపోయాయి. అన్నీ రాళ్లే. సాయంత్రం డేరాలు వేసేసరికి నా తల పగిలిపోతోంది. తిన్నదంతా కక్కుకున్నాను. మాకు దారి చూపే నేపాలీ అమ్మాయి నాడి చూసి, పొద్దుటికి తగ్గకపోతే కిందికి పంపేస్తానంది. పొద్దున దాటబోయే కనుమ కోసమే ఇంత దూరం వచ్చాను. ఏడుపొచ్చింది.

"నీళ్లెన్ని తాగావు?" అని ఆ పిల్ల హిందీలో అడిగింది. పొద్దున నింపిన సీసా నిండుగానే ఉంది.

"నోరు ఎండుతుంటె తాగకుంట ఎట్లున్నవక్కా?" టీచరమ్మకు కోపం వచ్చింది.

ఏం చెప్పను? మా ఊళ్లో చేనికి పోయే ఆడవాళ్లం పొద్దున గుక్కెడు తాగితే మళ్లీ చీకటి పడ్డాకే. పగలు చాటు దొరకదు కదా. ఇంట్లో లెట్రిన్ కట్టుకున్నా ఒంటికి ఆ అలవాటు పోలేదు. ఇక్కడేమో పొద కూడా లేదు, చుట్టూ మగవాళ్లు. సిగ్గుపడుతూనే చెప్పాను.

ఆ పిల్ల నవ్వలేదు. కప్పుకున్న శాలువా తీసి, రెండు చేతులా చాపి పట్టుకుని, ముఖం కొండవైపు తిప్పుకుంది.

"మా అమ్మా ఇంతే, దీదీ. నేనుంటాను, నువ్వు తాగు."

పడుకునేదాకా గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా తాగించింది. నేను లేచిన ప్రతిసారీ శాలువా పట్టింది. గాలి దాన్ని లాక్కుపోవాలని చూస్తే, ఆమె పిడికిళ్లు ఎర్రబడ్డాయి గానీ వదల్లేదు.

తెల్లారేసరికి తల తేలికైంది. ఆమె మళ్లీ నాడి చూసి, "నడు దీదీ" అంది. మధ్యాహ్నానికి కనుమ మీద నిలబడ్డాను. మంచు కొండలు ఎదురుగా కనబడుతుంటే సీసా ఎత్తి గటగటా తాగాను.

ఇప్పుడు చేనికి పోతే నీళ్లబిందెతో పాటు ఒక పాత చీర తీసుకుపోతాను. కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్లతో, "తాగుండ్రి, నేను చీర అడ్డం పట్టుకుంట" అంటాను.

"గింత దూరం పోయి గిదా నేర్చుకొచ్చినవ్?" అని నవ్వుతారు. నవ్వుతూనే చెంబు అందుకుంటారు.