అక్క నేర్పిన మాటలు

టైలరింగ్ షాపులో అందరూ అతన్ని ఇప్పటికీ మాస్టరనే పిలుస్తారు. అతను కత్తెర పట్టి మాత్రం చాలా కాలమైంది. స్కిజోఫ్రెనియాతో చెవుల్లో మోగిన గొంతులు ఏళ్లుగా వేసుకుంటున్న మందులతో సద్దుమణిగాయి. కానీ టేపుతో తీసిన కొలత, సుద్ద అందుకునేలోపే జ్ఞాపకంలోంచి జారిపోయేది. ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించిన రోజు ఓనరు అతన్ని గుండీలకు కాజాలు కుట్టే పనికి మార్చాడు.

ఈ మతిమరుపు కోసం ఏదో కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి అక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“మీకిచ్చేది అసలు మందో, ఉత్త బిళ్లో మాకూ తెలీదు,” అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అతను సరేనన్నాడు. ఆ మందు పరీక్ష ముగిసేదాకా కొత్త కటింగ్ మాస్టర్ని పెట్టుకోనని ఓనరు మాటిచ్చాడు.

వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ కొన్ని మాటలు చదివేది. గుర్తున్నవి అతను తిరిగి చెప్పాలి. మొదటిసారి కుండ, వంతెన, మేక అని నీళ్లు నమిలాడు. తలుపవతల కూర్చున్న అక్క ఆ మాటలన్నీ వింది. ఇంట్లో భోజనం వడ్డిస్తూ వల్లె వేయించింది.

“అది పరీక్ష కదక్కా.”

“నీకు ఎక్కాలు నేర్పిందెవరు? నోరు మూసుకుని చెప్పు.”

“నోరు మూసుకుంటే ఎలా చెప్పేది?”

అక్క పకపకా నవ్వింది.

రెండోసారీ డాక్టరమ్మ అవే మాటలు చదివింది. అతను గడగడా అప్పజెప్పాడు. డాక్టరమ్మ మొహం వెలిగింది. మూడోసారి ఆమె వేరే మాటలు చదివింది. అతను కళ్లు మూసుకుని, కుండ, వంతెన, మేక అంటూ చివరిదాకా పాతవే చెప్పాడు.

“ఇవి నేను చదవలేదే!”

అతను తలుపు వైపు చూశాడు. అక్క లోపలికొచ్చింది.

“నేనే చెప్పించానమ్మా. వాడు బాగుపడ్డాడని రాస్తారని.”

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. “ఈ మందు రేపు ఎవరికివ్వాలో ఈ జవాబులు చూసే తేలుస్తాం. ఇతన్ని ఇక కొనసాగించలేను. పాత మందులు మాత్రం ఆపొద్దు.”

“తప్పు నాదైతే వాడికెందుకమ్మా శిక్ష?”

ఆమె అతని కాగితాలు తీసి పక్కన పెట్టింది.

“నాకు మందు పనిచేసిందా డాక్టరమ్మా?” అని అతను అడిగాడు.

“ఇప్పుడిక చెప్పలేను.”

బయట మెట్ల మీద అక్క కూలబడింది. “నిన్ను నిలువునా ముంచేశాన్రా.”

అతను ఆమె సంచి తీసి భుజాన వేసుకున్నాడు. “షాపుకి పోదాం, లే. కొత్త మాస్టర్ని పెట్టుకోమని ఓనరుకి నేనే చెప్తాను. అక్కడికెళ్లాక మర్చిపోతే, నువ్వు గుర్తుచెయ్యి.”