పై కయ్య, కింది కయ్య

కొండల్లో పూర్వం కట్టిన వరిమడులు చూపిస్తామని నంద్యాల నుంచి రైతుల బస్సు వేస్తే నేను రానన్నాను. తమ్ముడు వినలేదు. ఆళ్లగడ్డ దగ్గర మా పొలాలు ఒకే పిల్ల కాలువ కింద ఉన్నాయి. నా కయ్యలు ఎగువన, వాడివి దిగువన. గింజ పాలుపోసుకునే వేళకు వాడి వరి ఎండిపోవడం ఇది రెండో ఏడు. కిందిదాకా నీళ్లు ఎట్లా చేరతాయో చూడాలని వాడి పట్టు.

ఒకటిన్నర రోజు ప్రయాణం, ఆపైన మోకాళ్లు పట్టేసే ఎక్కుడు. నాకు ఒళ్లు మండిపోయింది. మావాళ్లేమో గట్లెక్కి ఫొటోలు దిగుతున్నారు. అక్కడి సవర గిరిజనుల తాతముత్తాతలు సున్నం చుక్క లేకుండా పేర్చిన రాతిగట్లవి. ఒక్క రాయీ జారలేదు. మా సిమెంటు తూము రెండు వానలకే విరిగింది. అది తలచుకుంటే ఇంకా మంట.

తమ్ముడు నాట్లు వేస్తున్న ఒక సవర పెద్దాయన పక్కన చేరాడు.

"పైనోళ్లు నీళ్లు కట్టేస్తే కిందోళ్ల గతి ఏందప్పా?"

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. మళ్లీ అడిగితే నవ్వాడు. "ఈ పై మడి మాదే, ఆ అడుగు మడీ మాదే. ప్రతి ఇంటికీ అంతే. పైన ఆపేస్తే కిందన నా మడే ఎండిపోద్ది కదేటి!"

మా నాయన పొలాన్ని కొలత గొలుసు పట్టించి మా ఇద్దరికీ పంచాడు. చెరి మూడెకరాలు, జానెడు తేడా లేదు. నాకు పైదంతా, వాడికి కిందిదంతా. ధర్మంగా పంచాడని ఊరంతా మెచ్చుకుంది. నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

"విన్నావాన్నా?" అన్నాడు తమ్ముడు కొండ దిగేటప్పుడు.

"వాళ్ల కొండ వేరు, మన కాలవ వేరు. నడువు," అని కసిరాను.

ఇంటికొచ్చిన మర్నాడు పొలానికి పోయాను. నా కయ్యలు నిండుగా ఉన్నాయి. కిందికి నీళ్లు వదిలే మడవ మూసి ఉంది. బస్సెక్కే ముందు మట్టేసి తొక్కింది నేనే. ఈ రెండేళ్లూ వాడి ముందు కాలువవాళ్లను తిట్టిందీ నేనే. సిగ్గేసింది. పారతో మడవ కొట్టేసి ఫోన్ చేశాను.

"ఒక ఎకరా మార్చుకుందాంరా. పైన నాది నువ్వు తీసుకో, అడుగున నీది నాకియ్యి."



"ఈ మాట సెప్పేకి అంత కొండెక్కాల్సి వచ్చిందా అన్నా?" అని ఫోన్ పెట్టేశాడు.